మేస్త్రి దగ్గు మూగబోయిన వారం

రోజూ ఎనిమిదింటికి మీటరక్క షెడ్డు రేకు తలుపు పైకి నెడుతుంది. ఆమె వెనకే వాళ్ళమ్మ లోపలికొచ్చి కిటికీ గట్టు మీద గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు పెట్టి మూత వేస్తుంది. ఆ తర్వాత ముక్కాలిపీట మీద కూచుని పాత వైర్లకు తొక్క ఒలుస్తూ ఉంటుంది, చిక్కుడుకాయలు ఒలిచినంత తీరిగ్గా. నీళ్ళు ఆమెకి కాదు, దగ్గుకి. సాయంత్రం మూత తీసి చూస్తే గ్లాసు సగానికి దిగి ఉంటుంది.

దగ్గు మేస్త్రిది. అంటే మీటరక్క నాన్నది. ఆ వీధిలో బళ్ళకు కరెంటు పని చేసేవాళ్ళంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆరేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు కళ్ళజోడు పెట్టెలోకి వెళ్ళింది, చెప్పులు ఎవరికో వెళ్ళాయి, దగ్గు మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది. ఎక్కడికి పోతుంది పాపం, నలభై ఏళ్ళు అలవాటైన చోటు.

మంచి పనికి ఆ దగ్గు ఎప్పుడూ దగ్గదు. నట్టు బిగించడం మరిచిపోతే ఒక్కసారి, చిన్నగా. టేపు వదులుగా చుడితే రెండుసార్లు. ఏది చెడిందో పరీక్ష చెయ్యకుండా కొత్త సామాను తగిలిస్తే మాత్రం పొడిదగ్గు, వరసగా మూడుసార్లు, వీధి చివరిదాకా వినపడేలా. బతికున్నప్పుడు కూడా ఆ పనంటే ఆయనకు ఒళ్ళు మంట. "కడుపు నొప్పంటే కడుపు మార్చేస్తారటరా?" అని కేకలేసేవాడు.

అందుకే ఆ షెడ్డుకొచ్చేవాళ్ళు రసీదు అడగరు. "మేస్త్రి దగ్గలేదుగా? అయితే వెళ్ళొస్తాం" అని తాళాలు తీసుకుని పోతారు.

ఆ సోమవారం పదకొండింటికి పైలట్టు వచ్చింది. పైలట్టంటే విమానం నడిపే పైలట్టు కాదు. డయాలసిస్ చేయించుకునే ఆరుగురిని వారానికి మూడు రోజులు ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆస్పత్రిలో దింపి, మళ్ళీ ఇళ్ళకు చేర్చే తెల్ల వ్యాను డ్రైవరు. గుంతలు తప్పించి జాగ్రత్తగా నడుపుతుందని ఆ ఆరుగురూ ముద్దుగా పెట్టుకున్న పేరు. వాళ్ళు లోపల మంచాల మీద ఉండే నాలుగు గంటలే వ్యానుకు తీరిక.

"అక్కా, మళ్ళీ ఆగింది," అంది వ్యాను దిగుతూనే. "ఈ నెలలో నాలుగోసారి."

"ఇప్పుడు నడిచే వచ్చిందిగా?"

"అదే కదా నా ఖర్మ! ఆగుతుంది. అయిదు నిమిషాలు నన్ను అందరి ముందూ నిలబెట్టి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ముందు వెళ్ళిన షెడ్డులో ఏమన్నారో తెలుసా? బండికేం లేదమ్మా, నీ కాలికే క్లచ్చు తొక్కడం రాదన్నారు."

"నువ్వేమన్నావు?"

"నా కాలు విప్పి చూడండి మరి, అన్నాను."

మీటరక్క నవ్వి మెడలోంచి మీటరు తీసింది. అందరూ గొలుసు వేసుకునే చోట ఆమె మీటరు వేసుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. బండిలో లోపం కోడు చూసే డబ్బా తగిలిస్తే అది క్రాంకు సెన్సరు పేరు చెప్పింది. ఇంజిను తిరుగుతోందని బండి కంప్యూటరుకి చెప్పే వేలెడంత సామాను అది. దాని కబురు అందకపోతే, ఇంజిను తిరుగుతూనే ఉన్నా కంప్యూటరు ఆగిపోయిందనుకుని డీజిలు కట్టేస్తుంది.

"సెన్సరేనా? నేను తెచ్చేశాను," అని పైలట్టు సంచిలోంచి కొత్త డబ్బా తీసింది. "తగిలించెయ్యక్కా. రెండింటికి నేను ఆస్పత్రి గుమ్మంలో ఉండాలి. ఇంకొక్కసారి ఆగితే ట్రిప్పు వేరే కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు ఆస్పత్రి ఆఫీసాయన. వాళ్ళ వ్యాను, వాళ్ళ డ్రైవరు."

"మరి నువ్వు?"

"బట్టల మిల్లు రమ్మంటోంది. ఆ మిషను ముందు పదకొండేళ్ళు కూచున్నాను, చాలు. ఈ స్టీరింగు పట్టుకున్నాకే నాకు ఊపిరాడింది."

మీటరక్క సెన్సరుకొచ్చే మూడు వైర్లకీ మీటరు పెట్టి చూసింది. మూడూ బాగున్నాయంది మీటరు. సెన్సరు కూడా బాగానే ఉన్నట్టుంది. తప్పు ఎక్కడా కనపడలేదు. పక్కన పైలట్టు గడియారం చూసుకుంటోంది. ఇక చేసేదేం లేక పాత సెన్సరు విప్పి కొత్తది బిగించింది. బిగిస్తూ భుజాలు దగ్గరికి లాక్కుంది, చిన్నప్పుడు నాన్న చేతి మొట్టికాయ కోసం లాక్కున్నట్టు. ఇప్పుడు మూడు దగ్గులు ఖాయం అనుకుంది.

దగ్గు రాలేదు.

ఒక నిమిషం ఆగి చూసింది. కిటికీలో గ్లాసు, పైన మూత, అంతా మామూలుగా ఉంది. మేస్త్రి ఏమీ అనలేదంటే మంచిదేనన్నమాట.

"పద," అంది. "అయిపోయింది."

పైలట్టు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు, వంతెన దాటాక వచ్చే ఎడమ మలుపులో వ్యాను ఆగిపోయింది. లోపల ఆరుగురున్నారు, నాలుగు గంటలు రక్తం కడిగించుకుని నీరసపడి ఉన్నవాళ్ళు. కిటికీలోంచి ఎండ నేరుగా లోపలికి పడుతోంది. ఒకావిడకి కళ్ళు తిరిగాయి. తొమ్మిది నిమిషాలకు ఇంజిను దానంతటదే మేలుకుంది. కానీ ఈలోపు ఎవరో ఆస్పత్రికి ఫోను చేసేశారు.

ఆఫీసాయన చెడ్డవాడేం కాదు, ఆయన భయం ఆయనది. ఆయన ఒకటే చెప్పాడు. "శుక్రవారం నేనే వ్యాను ఎక్కుతాను. ఆగిందా, అక్కడితో సరి."

గురువారం షెడ్డు తెరవకముందే వ్యాను గుమ్మంలో ఉంది. పైలట్టు మెట్టు మీద కూచుని ఉంది. పక్కన లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు, ఆ ఆరుగురిలో ఒకాయన. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, ఇప్పుడు చెప్పడానికి ఎవరూ లేక కనపడినవన్నీ రాసిపెట్టుకునే మనిషి.

"తప్పు నాది," అంది మీటరక్క.

"తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాంలే అమ్మా. ముందు ఇది చూడు," అని మాస్టారు దినపత్రిక తీశాడు. దాని అంచుల్లో పెన్సిలుతో సన్నగా అంకెలు. "అయిదుసార్లు ఆగింది. అయిదూ ఎడమ మలుపులే. కుడి మలుపులో ఒక్కసారీ లేదు. అయిదింట్లో నాలుగు వాన పడ్డ మర్నాడో, బండి కడిగిన మర్నాడో. నేను బళ్ళ మనిషిని కాను. అంకెలు మాత్రం ఇవీ."

మీటరక్క ఆ అంకెల్ని మళ్ళీ మొదట్నుంచి చదివింది. లోపల్నుంచి వాళ్ళమ్మ పిలిచింది.

"అమ్మాయ్, ఇలా రా. ఈ గ్లాసు చూడు. నిండుగానే ఉంది. నిన్నా అంతే, మొన్నా అంతే."

అప్పుడు గుర్తొచ్చింది మీటరక్కకి. మంగళవారం ఒక స్కూటరుకి నట్టు బిగించడం మరిచిపోయి, తనే చివర్లో చూసుకుంది. దగ్గు రాలేదు. బుధవారమంతా రాలేదు. ఈ వ్యాను షెడ్డులోకి వచ్చినప్పటినుంచీ మేస్త్రి నోరు విప్పలేదు.

"వెళ్ళిపోయాడంటావా?" అంది.

"ఎక్కడికెళ్తాడే," అంది వాళ్ళమ్మ, వైరు ఒలవడం ఆపకుండా. "మీ నాన్న మాట్లాడకపోవడం రెండు రకాలు. పని బాగుంటే ఒకటి. తన తప్పు బయటపడేలా ఉంటే ఇంకోటి. ఆ గాజు కూజా పగిలిన రోజు గుర్తుందా? సాయంత్రందాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను పాపం పిల్లిని తిట్టాను. రాత్రి అన్నం దగ్గర తట్టింది, మనకసలు పిల్లే లేదు కదా అని."

లేచి, నిలవ నీళ్ళని వాకిట్లోకి విసిరింది. సగం నీళ్ళు వ్యాను తలుపు మీద పడ్డాయి. తడిసిన తెల్లరంగు కిందనుంచి నీలం గీతలు మెల్లగా పైకి తేలాయి. మడతపెట్టిన దుప్పటి బొమ్మ.

"అరే! ఇది దుప్పట్ల బండి కదూ!" అంది వాళ్ళమ్మ. "ఆస్పత్రి దుప్పట్లు ఉతకడానికి తీసుకెళ్ళేది. ఏడేళ్ళ కిందట మీ నాన్న దీని కింద పడుకుని రెండు రోజులు లేవలేదు."

దగ్గు మాత్రం రాలేదు.

మీటరక్క మీటరు తీసి బల్ల మీద పెట్టేసింది. దాని బదులు చిన్న బల్బు ఒకటి తెచ్చింది, బండి పక్కదీపంలో వేసేది.

"మీటరుంటే బల్బెందుకక్కా?" అంది పైలట్టు.

"మీటరు వైరుని చాలా చిన్న ప్రశ్న అడుగుతుంది. లోపల ఒక్క పోగు మిగిలున్నా 'బాగున్నా' అనేస్తుంది వైరు. పొద్దున్నే ఎవరైనా ఎదురొచ్చి ఎలా ఉన్నావంటే మనం అన్నట్టే. బల్బు అలా కాదు, బరువు మోయిస్తుంది. మోసేటప్పుడే కదా నిజం బయటపడేది."

మాస్టారు ఆ మాట కూడా అంచులో రాసుకున్నాడు.

వైరు రెండు చివర్లూ విడదీసి, బ్యాటరీనుంచి బల్బు గుండా ఆ వైరులోకి కరెంటు పంపింది. మొదటి వైరుకి బల్బు తెల్లగా వెలిగింది. రెండోదానికీ అంతే. మూడోది కరెంటు తిరిగి వెళ్ళే నల్ల వైరు, ఎర్తు వైరంటారు. దానికి తగిలించగానే బల్బు ఎర్రగా, నిద్రకళ్ళతో వెలిగింది.

"మాస్టారూ, ఎడమ మలుపులో ఇంజిను ఎటు ఒరుగుతుంది?"

"కుడివైపుకి."

"అయితే అటే ఒరగనిద్దాం. పైలట్టూ, ఈ గడ్డపార పట్టుకో. నేను చెప్పినప్పుడు ఇంజిను కింద పెట్టి మెల్లగా ఎత్తు. నీ కాలికి రాదన్నారుగా, చెయ్యి చూపించు."

పైలట్టు పళ్ళు బిగించి గడ్డపార ఎత్తింది. ఇంజిను కుడివైపుకి ఒక అంగుళం ఒరిగింది. బల్బు ఆరిపోయింది. దింపింది, వెలిగింది. ఎత్తింది, ఆరిపోయింది.

పైలట్టు గడ్డపార వదిలేసి అక్కడే నేల మీద కూచుండిపోయింది. "చూశారా," అంది. "చూశారా మాస్టారూ. నేనబద్ధం చెప్పలేదు." కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా గ్రీజు అయింది.

మీటరక్క వైరు వెంట వేళ్ళతో తడుముకుంటూ పోయింది. గాలి వడపోసే పెట్టె విప్పింది. బ్యాటరీ కింది పళ్ళెం విప్పింది. దాని వెనక, చెయ్యి మాత్రమే దూరే సందులో, వైర్ల కట్ట మీద నల్ల టేపు తగిలింది. టేపు చివర లోపలికి మడిచి ఉంది, తర్వాత విప్పేవాడి గోరు నొప్పి పుట్టకుండా. అలా మడిచే మనిషి ఆ వీధిలో ఒక్కడే ఉండేవాడు.

విప్పింది. లోపల మూడు వైర్లు.

మేస్త్రికి ఒక పద్ధతి ఉండేది. వైరులో కరెంటు వస్తోందా అని చూడ్డానికి తొక్కలోంచి సన్నటి గుండుసూది గుచ్చేవాడు. చూశాక ఆ చిల్లు మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టేవాడు, నీళ్ళు దిగకుండా. ఆయన చేతికింద పడ్డ బళ్ళన్నిట్లో ఆ ఎర్ర చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ కట్టలోనూ మొదటి వైరు మీద ఎర్ర చుక్క ఉంది. రెండోదాని మీద ఉంది. నల్ల వైరు మీద సూదిచిల్లు ఉంది, చుక్క లేదు.

అక్కడ తొక్క చీలిస్తే రాగి ఉండాల్సిన చోట ఆకుపచ్చ పొడి రాలింది. ఏడేళ్ళ వాననీరు ఆ చిల్లులోంచి దిగి, పోగు తర్వాత పోగు తినేసింది. రెండే పోగులు మిగిలున్నాయి, వెంట్రుకల్లా.

మీటరక్క ఆ వైరు ముక్క అరచేతిలో పెట్టుకుని తల్లికి చూపించింది. ఆమె కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. చేతిలో ఒలుస్తున్న వైరు పక్కన పెట్టింది.

"ఆ వారం సీసా నేనే దాచాను," అంది.

"ఏ సీసా?"

"గోళ్ళరంగు సీసా. మోజుపడి కొత్తది కొనుక్కుంటే మూడు రోజుల్లో వైర్లకే అయిపోవచ్చింది. నా గోళ్ళకంటే ఆ వైర్లే నీకు ముద్దా అని పోట్లాడి, బియ్యం డబ్బాలో దాచేశాను. అడిగాడు. నాకేం తెలుసన్నాను. రేపు పెడతాలే అనుకుని టేపు చుట్టేసి ఉంటాడు. మర్నాడు వాళ్ళొచ్చి బండి తీసుకెళ్ళిపోయారు."

అప్పుడు వినిపించింది దగ్గు. పైనుంచి కాదు, కిటికీ దగ్గరనుంచి కాదు, బ్యాటరీ పళ్ళెం వెనక ఆ సందులోంచి. దగ్గు కూడా కాదది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నట్టు, ఒక్కసారి.

"సరేలే," అంది వాళ్ళమ్మ ఆ సందువైపు చూసి. "అందులో నా పాలూ ఉంది."

మీటరక్క చెడిన రాగిని తళతళలాడే రాగి వచ్చేదాకా కత్తిరించి పారేసింది. కొత్త ముక్క పెట్టి పోగులు మెలేసి సీసం కరిగించి అతికింది. పైన గొట్టం తొడిగి వేడిచేస్తే అది వైరుని గట్టిగా కరిచిపట్టుకుంది. మళ్ళీ బల్బు తగిలించి, పైలట్టు చేత ఇరవైసార్లు ఇంజిను ఎత్తించి దింపించింది. బల్బు రెప్ప వెయ్యలేదు. తర్వాత కొత్త సెన్సరు విప్పేసి పాతదాన్నే మళ్ళీ బిగించింది.

"అదెందుకక్కా?"

"ఏ పాపం ఎరగనిదాన్ని బయటికి గెంటాను. దాని చోటు దానికివ్వాలిగా."

వాళ్ళమ్మ ఇంటికెళ్ళి ఒక సీసా పట్టుకొచ్చింది. ఆ నల్ల వైరు మీద, అతుకు పక్కన, జాగ్రత్తగా ఎర్ర చుక్క పెట్టింది. ఇక్కడ చిల్లు లేదమ్మా, అవసరం లేదు అంటే వినలేదు. "ఏడేళ్ళు ఆలస్యమైంది. ఉండనీ," అంది.

శుక్రవారం పొద్దున ఆఫీసాయన ముందు సీట్లో కూచున్నాడు, ఒళ్ళో ఫైలు పెట్టుకుని. వెనక ఆరుగురూ, చివరి సీట్లో మీటరక్క. వంతెన వచ్చింది. ఇటునుంచి దిగినా ఎడమ మలుపే. పైలట్టు గేరు తగ్గించింది. ఎడమకు తిప్పింది. వ్యాను వెన్నలో కత్తిలా మలుపు తిరిగి అవతల పడింది.

"తొమ్మిదీ పన్నెండు," అన్నాడు మాస్టారు, రాసుకుంటూ. "కానీ అమ్మా, ఒక్క పరీక్షకే పాసు చెయ్యకూడదు. మళ్ళీ తిప్పు."

పైలట్టు వెనక్కొచ్చి మళ్ళీ తిప్పింది. మూడోసారీ తిప్పింది. అప్పటికి వెనక ఆరుగురూ పిల్లల్లా "ఇంకోసారి, ఇంకోసారి" అంటున్నారు. బుధవారం కళ్ళు తిరిగినావిడ అందరికంటే గట్టిగా అరుస్తోంది.

ఆఫీసాయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "బాగానే ఉందమ్మా, కాదనను. కానీ ట్రిప్పు మార్చే కాగితం నిన్ననే టైపు చేయించేశాను. మళ్ళీ ఎప్పుడైనా ఏదైనా అయితే నన్నడుగుతారు. ఎందుకొచ్చిన గొడవ? కొత్త వ్యాను, కొత్త డ్రైవరు, నాకూ నిశ్చింత." ఫైలు తెరిచి మోకాలి మీద పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

పైలట్టు రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పకుండా గేరు మార్చింది.

పెన్ను కాగితానికి ఆనింది.

పొడిదగ్గు. ఒకటి. రెండు. మూడు. కిటికీ అద్దాలు గలగలలాడేంత గట్టిగా.

అందరూ మాస్టారు వంక చూశారు. "నేను కాదు," అన్నాడాయన, పెన్సిలు పైకెత్తి చూపిస్తూ.

ఆఫీసాయన పెన్ను పైకెత్తేశాడు. ఊళ్ళో బండి ఉన్నవాళ్ళెవరికీ ఆ మూడు దగ్గుల అర్థం చెప్పక్కర్లేదు. ఆయన స్కూటరే రెండుసార్లు ఆ దగ్గు విని షెడ్డులోకి మళ్ళీ వెళ్ళింది.

"మేస్త్రీ…" అన్నాడు వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న చోటుకి. "నేనేం సామాను మార్చట్లేదండీ."

"డ్రైవర్ని మారుస్తున్నారుగా సార్," అంది మీటరక్క చివరి సీట్లోంచి. "పరీక్ష ఇప్పుడే అయింది. మూడుసార్లు. మీరే పక్కన కూచుని చూశారు."

వ్యాను అదే వేగంతో పోతోంది. ఆఫీసాయన కాసేపు కాగితం వంక, కాసేపు రోడ్డు వంక చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో ఎక్కడో లోతుగా దూర్చేశాడు.

"ఇలాగే మెల్లగా పోనీ అమ్మా," అన్నాడు. "గుంతలు చూసుకో."

"ఆవిడకి మీరు చెప్పాలటండీ!" అంది కళ్ళు తిరిగినావిడ.

ఇప్పుడు ఆ వ్యానులో ముందు అద్దం దగ్గర, ఊగినా తొణకకుండా బిగించిన గుండ్రటి గూడు ఒకటుంది. మీటరక్క చేసిచ్చింది. సోమ, బుధ, శుక్రవారాలు వాళ్ళమ్మ మూతపెట్టిన గ్లాసు తెచ్చి అందులో కూచోబెడుతుంది. ఆ మూడు రోజులూ షెడ్డులో దగ్గు ఉండదు. మీటరక్క బిగించిన ప్రతి నట్టునీ తనే రెండోసారి చూసుకుంటుంది. సాయంత్రం పైలట్టు ఖాళీ వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపి, మూత తీసి, గ్లాసు పైకెత్తి చూపిస్తుంది. నీళ్ళు సగానికి ఉంటాయి.